గోరంత కార్డులో కొండంత మోసము



పూర్వము మన ఇండ్లలో పెండ్లి ఫోటోలు గోడకు వ్రేలాడేవి, లేక ఆల్బములో పెట్టి ఇనుప పెట్టెలో దాచుకొనేవారము. ఇప్పుడు పసిబిడ్డ తొలి నవ్వు మొదలు తాతయ్య చివరిసారిగా మాట్లాడిన మాటల వరకు అన్నియు సెల్‌ఫోనులోని మెమొరీ కార్డులోనికి చేరినవి. ఆ కార్డు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందము 1 మిల్లీమీటరు మాత్రమే. ఈ గోరంత వస్తువు నకిలీదైతే మనకు పోయేది కొన్ని వందల రూపాయలే కాదు. మరల తీయలేని ఫోటోలు, మరల వినలేని గొంతులు కూడా పోతాయి.

ఈ దినములలో మారుమూల గ్రామమునకు సహితము కొరియరు అబ్బాయి వస్తువులు తెచ్చి ఇస్తున్నాడు. ఇది మంచి సౌకర్యమే. అయితే పట్టణములో దుకాణదారుని ముఖము మనకు తెలుసు, తేడా వస్తే వెళ్లి అడుగుతాము. ఆన్‌లైనులో అమ్మేవాని ముఖము మనకు కనబడదు. కాబట్టి కొనేముందు, కొన్న తరువాత ఏమేమి చూచుకోవలెనో ఇంటిల్లిపాది తెలుసుకొనుట మంచిదని తలంచి ఈ వ్యాసము అందిస్తున్నాము.

మోసము ఎక్కడ దాగి ఉన్నది?

మెమొరీ కార్డు లోపల ముఖ్యముగా రెండు భాగములు ఉంటాయి. ఒకటి, సమాచారమును నిలువచేసే చిప్పు. రెండవది, దానిని నడిపించే కంట్రోలరు. ఫోను "నీలో చోటెంత?" అని అడిగినప్పుడు జవాబు చెప్పేది ఈ కంట్రోలరే. ఫోను ఆ జవాబును నమ్ముతుంది గాని తానుగా కొలిచి చూడదు. మోసగాళ్లు లోపల 8 జీబీ చిప్పును పెట్టి, కంట్రోలరు చేత 256 జీబీ అని చెప్పిస్తారు. పుట్టెడు ధాన్యము పట్టే గాదె అని బయట వ్రాసి, లోపల కుంచెడు చోటు మాత్రమే ఉంచినట్లన్నమాట.

మొదటి 8 జీబీ నిండేవరకు అంతా బాగానే ఉంటుంది. పాటలు మ్రోగుతాయి, ఫోటోలు తెరుచుకుంటాయి. ఆ తరువాతనే అసలు సంగతి బయటపడుతుంది. కొన్ని నకిలీ కార్డులు క్రొత్తగా వచ్చిన వాటిని ఎక్కడా దాచకుండా వదిలివేస్తాయి. మరికొన్ని పాతవాటి మీదనే క్రొత్తవి వ్రాస్తాయి. ఫైళ్ల పేర్ల పట్టిక సాధారణముగా కార్డు మొదటి భాగములో ఉంటుంది గనుక పేర్లు, సైజులు చక్కగా కనబడుతూనే ఉంటాయి. తెరిస్తే మాత్రము ఏమియు రాదు.

ఇది నిన్న మొన్న పుట్టిన మోసము కాదు. అమెరికా ఇంజనీరు ఆండ్రూ హువాంగ్, తమ కంపెనీ పరికరములలో వాడే కార్డులలో లోపములు గమనించి, చైనాలోని షెన్‌జెన్ మార్కెట్టులో దొరికే కార్డులను కూడా కొని, లోపలి చిప్పులు కనబడేటట్లు విప్పి పరిశీలించారు. ఆ వివరములను 2010లో వెల్లడించారు. 2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గు నగరములో జరిగిన సభలో, ఆయన సహచరునితో కలిసి, ఇటువంటి కార్డులో ఒక చిన్న కంప్యూటరు ఉన్నదనియు, కొన్ని రకముల కార్డులలో దాని ప్రోగ్రామును బయటివారు మార్చగలరనియు చూపించారు.

కొనేముందు

మొదట ధర చూడండి. అదే కంపెనీ, అదే సైజు కార్డును పట్టణములోని దుకాణములో అడగండి. ఆన్‌లైనులో ఇద్దరు ముగ్గురు అమ్మకందారుల ధరలు పోల్చండి. పండుగ రోజులలో కొంత తగ్గింపు ఉండుట సహజము. అందరూ ఒక ధర చెప్పగా ఒక్కడు అందులో నాలుగవ వంతుకే ఇస్తానంటే అది తగ్గింపు కాదు, ఎర.

తరువాత సైజు. ఫోనులో పెట్టే చిన్న కార్డులలో 1 టీబీ, అనగా 1000 జీబీ కార్డులు 2019లో గాని వెలుగులోనికి రాలేదు. 2 టీబీ కార్డులు అంతకంటె తరువాత వచ్చినవి, వాటి ధర చాలా ఎక్కువ. కాబట్టి కొన్ని వందల రూపాయలకే 2 టీబీ కార్డు అని కనబడితే ఇక ఆలోచించనక్కరలేదు.

అమ్మేవారెవరో చూడండి. పేరుగల వెబ్‌సైటులో కనబడినంత మాత్రమున ఆ సంస్థయే అమ్ముతున్నదని అర్థము కాదు. అక్కడ వేలాది చిన్న అమ్మకందారులు కూడా సరుకు పెడతారు. వస్తువు క్రింద అమ్మకందారుని పేరు ఉంటుంది. కార్డు తయారుచేసిన కంపెనీ సొంత స్టోరునుండి గాని, ఆ కంపెనీ గుర్తించిన అమ్మకందారునినుండి గాని కొనుట క్షేమము.

కొనుగోలుదారుల అభిప్రాయములు చదివేటప్పుడు ఒక మాట గుర్తుంచుకొనండి. నకిలీ కార్డు మొదటి దినములలో బాగానే పనిచేస్తుంది. ఐదు నక్షత్రములు ఇచ్చినవారిలో అనేకులు "త్వరగా వచ్చింది, బాగున్నది" అని ఆ దినములలోనే వ్రాసి ఉంటారు. కాబట్టి ఒక్క నక్షత్రము ఇచ్చినవారి మాటలు, కొన్ని నెలలు వాడినవారి మాటలు ముందుగా చదవండి.

చేతికి వచ్చిన తరువాత

పార్సిలు విప్పేటప్పుడు ఇంటిలో ఎవరినైనా వీడియో తీయమనండి. అట్ట మీద అక్షర దోషములు, మసకబారిన ముద్ర ఉన్నవేమో చూడండి. మన దేశములో అమ్మే ప్యాకెట్టు మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుల కొరకు ఫోను నెంబరు ఉండవలెను. అవి లేకుంటే అనుమానించవలసినదే.

కార్డు మీద ఉండే చిన్న అక్షరములు కూడా సాక్ష్యమిస్తాయి. "హెచ్‌సీ" అని ఉన్న రకము 32 జీబీ వరకే. అంతకు మించి 2 టీబీ వరకు ఉన్న వాటి మీద "ఎక్స్‌సీ" అని ఉంటుంది. "హెచ్‌సీ" అని ముద్రించి 128 జీబీ అంటే ఆ కార్డు తన మీద తానే అబద్ధమాడుతున్నది.

అయితే తొందరపడి ఎవరినీ నిందించకూడదు. 64 జీబీ కార్డు కంప్యూటరులో సుమారు 59.6 గా కనబడుతుంది, 128 జీబీ కార్డు సుమారు 119 గా కనబడుతుంది. ఇది మోసము కాదు. కంపెనీవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతే.

నింపి చూచుటే అసలు పరీక్ష

అట్ట, ముద్ర, ధర అన్నియు సరిగా ఉన్నా కార్డు నకిలీది కావచ్చును. కాబట్టి నిండా నింపి, మరల చదివి చూచుటే నమ్మదగిన పరీక్ష. ఇందుకు ఉచితముగా లభించే ప్రోగ్రాములు ఉన్నవి. విండోస్ కంప్యూటరుకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్సు మరియు మ్యాక్ కంప్యూటర్లకు ఎఫ్3 అనునవి పేరుపొందినవి. ఇవి ఖాళీ కార్డును పరీక్ష సమాచారముతో నింపి, వ్రాసినది వ్రాసినట్లే ఉన్నదా అని తిరిగి చదువుతాయి. కాలేజీలో చదువుకొనే పిల్లలకు గాని, ఊరిలోని ఫోటో స్టూడియో వారికి గాని చెబితే చేసిపెట్టగలరు. పెద్ద కార్డుకు గంటలు పట్టవచ్చును, ఓపిక పట్టవలెను.

కంప్యూటరు ప్రోగ్రాము అందుబాటులో లేకపోతే, వేరొక చోట నకలు ఉన్న పెద్ద వీడియోలతో కార్డును పూర్తిగా నింపండి. కార్డు బయటకు తీసి, మరల పెట్టి, మొదటి వీడియో, నడిమివి, చివరివి తెరిచి చివరివరకు చూడండి. ప్రోగ్రామంత కచ్చితము కాకపోయినా పెద్ద మోసము ఇందులో బయటపడుతుంది.

ఈ పరీక్ష వస్తువు వచ్చిన దినముననే చేయవలెను. వస్తువు వాపసు చేయుటకు గడువు కొద్ది దినములే ఉంటుంది. నకిలీ కార్డు నిండుటకు మాత్రము నెలలు పట్టవచ్చును. మోసగాని ధైర్యమంతా ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే ఉన్నది. పరీక్ష ముగిసేవరకు కుటుంబ ఫోటోలు ఒక్కటి కూడా అందులో పెట్టవద్దు.

నకిలీదని తేలితే

ఇప్పటికే వాడుచున్న కార్డు మీద అనుమానము వస్తే, దానిలో క్రొత్తగా ఏమియు వ్రాయవద్దు. తెరుచుకొనే ఫైళ్లన్నిటిని ముందు వేరొక చోటికి కాపీ చేసుకొనండి. బిల్లు, అట్ట, పరీక్ష ఫలితము ఫోటో, పార్సిలు విప్పిన వీడియో భద్రపరచండి. కొన్న యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. కస్టమర్ కేర్ నెంబరు కొరకు ఇంటర్నెట్టులో వెదకవద్దు. అక్కడ దొంగ నెంబర్లు పెట్టి కాచుకొని ఉండేవారున్నారు. డబ్బు వాపసు ఇస్తామని ఎవరు అడిగినా ఓటీపీ చెప్పకూడదు.

2020 నాటి ఈ-కామర్సు నియమముల ప్రకారము ఇటువంటి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయవలెను, ఒక నెలలోపు పరిష్కరించవలెను. అట్లు జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నెంబరుకు ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. అప్పటికీ న్యాయము జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. రెండేండ్లలోపు కేసు వేయవలెను. "మూడు వందలకు కేసెందుకు" అని అందరమూ ఊరుకొనుటయే ఈ వ్యాపారమునకు పెట్టుబడి.

మరొక మాట. నకిలీ కార్డు మన చేతికి వస్తే, పోయిన డబ్బు రాబట్టుకొనుటకు దానిని ఇతరులకు అమ్మకూడదు, బహుమానముగా కూడ ఇవ్వకూడదు. మన ఇంటి నష్టమును పొరుగింటికి పంపినవారమవుతాము. వాపసు తీసుకొనకపోతే విరిచి పారవేయుటే మేలు.

అసలైన కార్డు కూడా ఒకనాటికి పాడవుతుంది. గనుక విలువైన ఫోటోలు ఎప్పుడును రెండు చోట్ల ఉంచండి. అన్నిటికంటె ప్రియమైనవి పది పన్నెండు ఎంచి స్టూడియోలో ప్రింటు వేయించండి. కాగితము మీది అమ్మమ్మ ముఖమును చూచుటకు కార్డు అక్కరలేదు, చార్జింగు అక్కరలేదు.