బైపీసీ లేని దేశంలో డాక్టరు చదువు

గోదావరిఖనిలో డాక్టరు కావాలనుకున్న పిల్ల తోవ పదో తరగతి అయిన ఎండాకాలంలోనే తేలిపోతుంది. బైపీసీలో చేరాలి, రెండేళ్లు రేయింబవళ్లు చదవాలి, నీట్ రాయాలి. 720 మార్కుల్లో సగం, అంటే 360, జీవశాస్త్రానివే. ర్యాంకొస్తే ఎంబీబీఎస్. రాకుంటే లాంగ్‌టర్మ్. అప్పటికీ రాకుంటే బీజెడ్‌సీయో, నర్సింగో, ఫార్మసీయో. 2022లో సింగరేణి బొగ్గు సంస్థ నిధులతో రామగుండంలోనే మెడికల్ కాలేజీ వచ్చింది. మరుసటి ఏడాది అందులో కార్మికుల పిల్లలకు 5 శాతం సీట్లు కేటాయించారు. సీటు దగ్గరికొచ్చింది కానీ తోవ మాత్రం అదే.

ఖని నుంచి అమెరికా చేరిన మనలో ఎక్కువమంది ఎంపీసీ బాపతు. అందుకే ఇక్కడ పిల్లలు డాక్టరవుతామంటే మనకు కాళ్లూ చేతులూ ఆడవు. ‘ఏ మేజర్ తీసుకుంటే సీటొస్తది?’ అని కనపడ్డవాళ్లనల్లా అడుగుతాం. సీటు తెచ్చిపెట్టే మేజరంటూ ఏదీ లేదు. ‘ప్రీమెడ్’ అనేది డిగ్రీ పేరు కాదు, చదువుకునే పిల్లల ఉద్దేశం పేరు. మెడికల్ స్కూళ్లు చూసేది కోర్సులు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కో ఏడాది ల్యాబులతో సహా, పైన బయోకెమిస్ట్రీ, చాలాచోట్ల ఇంగ్లిషు. ఒక్కో స్కూలుకు ఒక్కో జాబితా ఉంటుంది, ముందే చూసుకోవాలి. ఇవన్నీ పూర్తిచేస్తూ చరిత్ర చదివినా, సంగీతం చదివినా ఎవరూ అడ్డు చెప్పరు.

దరఖాస్తు చేసేవాళ్లలో సగానికి పైగా బయాలజీ తరహా మేజర్లవాళ్లే. అయితే అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏటా విడుదల చేసే పట్టికలు చూస్తే, సాహిత్యం, తత్వశాస్త్రం వంటివి చదివినవాళ్లకు సీట్లు దక్కే శాతం బయాలజీవాళ్లకేమీ తీసిపోదు. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ మెడికల్ స్కూలు 1987లోనే హ్యుమానిటీస్ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా దారి తెరిచింది. క్యాన్సర్ జన్యువుల మీద పరిశోధనకు 1989లో నోబెల్ అందుకున్న హెరాల్డ్ వార్మస్ డిగ్రీలో చదివింది ఇంగ్లిషు సాహిత్యం. మెడికల్ స్కూళ్ల ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌ను 2015లో మార్చినప్పుడు మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రాలకు ఏకంగా ఒక భాగాన్నే కేటాయించారు.

డాక్టరుకు సమాజశాస్త్రం ఎందుకని అనుమానమా? ఖనిలో పెరిగినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఒంట్లో సత్తువ పోయిన కార్మికుడు కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్‌లో మెడికల్ బోర్డు ముందుకు పోతాడు. బోర్డు అన్‌ఫిట్ అంటే వారసుడికి కొలువు అడిగే హక్కు వస్తుంది. ఫిట్ అంటే మళ్లీ బొగ్గుబాయిలోకి దిగాలి, కొడుకు ఖాళీగానే ఉంటాడు. ఎక్కడైనా జబ్బు లేదంటే ఇల్లంతా సంతోషిస్తుంది, ఇక్కడ పొయ్యి వెలగదు. ‘రాత్రిపూట దమ్ము వస్తుందా?’ అని డాక్టరు అడిగితే, ఆ జవాబులో ఊపిరితిత్తులతోపాటు కొడుకు బతుకూ ఉంటుంది. అంతా నటన అని కొట్టిపారేసే డాక్టరూ పొరబడతాడు, అంతా నిజమని సంతకం పెట్టే డాక్టరూ పొరబడతాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి బొగ్గు ఆర్థికశాస్త్రం, కుటుంబం లెక్క రెండూ తెలిసుండాలి.

మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు దగ్గు తగ్గక ఒక క్లినిక్‌కు తీసుకుపోయాం. ఆయన ముంజేతుల మీద నీలిగీతలుంటాయి. బొగ్గుపెళ్ల తగిలి తెగినచోట దుమ్ము లోపలే ఉండి, గాయం మానాక పచ్చబొట్టులా మిగిలిపోయింది. అక్కడి డాక్టరు ఆ చేతికే బీపీ పట్టీ చుట్టాడు. సిగరెట్టు తాగుతారా అని తిప్పితిప్పి అడిగాడు. ఏం పని చేసేవారని మాత్రం అడగలేదు. రోగిని తప్పక అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే, కార్మికుల జబ్బుల మీద రాసిన పుస్తకంలో చెప్పాడు. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎన్ని మార్కులొచ్చినా ఆ ప్రశ్న నోటికి రాదు. చరిత్రో, ఆంత్రోపాలజీయో, అర్థశాస్త్రమో చదివినవాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ.

అలాగని బయాలజీ ఇష్టమైన పిల్లను లాగి చరిత్రలో కూర్చోబెట్టమని కాదు. చూసుకోవాల్సినవి రెండు. దరఖాస్తులో సైన్సు, లెక్కల జీపీఏను విడిగా లెక్కగడతారు. ఇంజినీరింగు మేజర్ గొప్పదే కానీ, అందులో బీలు, సీలు వస్తే ‘కష్టమైన సబ్జెక్టు కదా’ అని ఎవరూ కనికరించరు. మనసు పెట్టి చదవగలిగిందే మంచి మార్కులు తెస్తుంది. రెండోది, ఈమధ్యకాలంలో ఏటా దరఖాస్తు చేసినవాళ్లలో సగానికి పైగా మందికి సీటు దొరకడం లేదు. అప్పుడు చేతిలో మిగిలేది ఆ డిగ్రీయే. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్, పబ్లిక్ హెల్త్ వంటివి వాటంతటవే అన్నం పెడతాయి. లాంగ్‌టర్మ్‌లో ఏళ్లు కరిగించిన క్లాస్‌మేట్లు ఊళ్లో మనందరికీ ఉన్నారు. రెండో దారి లేకపోవడం ఎంత బరువో వాళ్లనడిగితే చెబుతారు.

కాబట్టి మేజర్ గురించి పిల్లలను అడగాల్సింది ఒకటే: డాక్టరు కాకపోయినా ఇది చదివినందుకు సంతోషిస్తావా? అవునంటే సంతకం పెట్టేయండి. బయాలజీ కోర్సులు ఎలాగూ తప్పవు. ఈ ఎండాకాలం ఊరికి పంపినప్పుడు, యైటింక్లైన్ కాలనీ అరుగుల మీద కూర్చునే రిటైరైన తాతల దగ్గర కాసేపు కూర్చోమనండి. ఏ బాయి, ఏ షిఫ్టు, ఏం పని అని అడగమనండి. విసుగు లేకుండా వినగలిగితే ఆ పిల్ల ఏ మేజర్ చదివినా మంచి డాక్టరే అవుతుంది.