కుక్కతో గుట్టలపై సైకిలు విహారం

ఖాజాగూడ గుట్టల కాలిబాటలపై సైకిలు తొక్కుతూ పెంపుడు కుక్కను వెంట పరుగెత్తించే వారిని తరచు చూస్తున్నాను. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల నీడతో 23 కి.మీ. సైకిలు బాట వెలసింది. గుట్టలపై ఆ నీడ లేదు.

బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని అష్టాంగహృదయం విధించింది. నుదుటి చెమటను పెద్దలు ఆ హద్దుకు గుర్తుగా చెబుతారు. కుక్కకు ఆ గుర్తు లేదు. దాని స్వేదగ్రంథులు ముఖ్యంగా అరికాళ్ళలోనే ఉంటాయి. రొప్పుతూనే అది ఒంటి వేడిని వదులుకోవాలి. పైగా యజమానిని విడువలేక శక్తికి మించి పరుగెత్తుతుంది.

కనుక తెల్లవారకముందే బయలుదేరాలి. బండపై ముంజేతిని ఐదు సెకన్లు ఆనించలేకపోతే ఆనాటికి మానుకోవాలి. గొలుసును హ్యాండిలుకు కట్టరాదు.

ముఖ్యంగా గృహిణులు ఒకటి గమనించాలి. వడదెబ్బకు మన ఇళ్ళలో ఉల్లిరసం వాడుక. కుక్కకు దానిని ఎంతమాత్రమూ పట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. నాలుక ముదురు ఎరుపెక్కి, చొంగ కారుతూ నడక తడబడితే నీడకు చేర్చి, ఒళ్ళంతా చల్లని నీటితో తడుపుతూ విసరాలి. వెంటనే పశువైద్యునికి చూపాలి. శరీరోష్ణత 41 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రాణాపాయం. స్పృహ తప్పితే నోట నీరు పోయరాదు.

అరికాళ్ళు కాస్త గీరుకుపోతే మాత్రం గోరువెచ్చని నీటితో కడిగి, కొబ్బరినూనె రాస్తే చాలు.