చేనిగట్టున వెలుగు

2022వ సంవత్సరమువరకు అనంతపురము జిల్లాలో నుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో చేల చుట్టునుండు వెలుగులు నానాట క్షీణించుచున్నవి. రాతికూసములు, ముండ్లతీగ వచ్చిన చోట వెలుగు పోయినది. ట్రాక్టరు మలుపునకు అడ్డమని కొందరు, నాలుగు సాళ్లు కలిసివచ్చునని మరికొందరు గట్టును నున్నగా చెక్కించుచున్నారు. ఇది స్వల్పవిషయమని పాఠకులకు తోచవచ్చును. మాకట్లు తోచుట లేదు.

వెలుగు అనగా నేటి పట్టణవాసి దీపకాంతి నొక్కదానినే యెరుగును. చేనిని కాచు కంచెయు వెలుగే. ‘కంచె చేను మేసినట్లు’ అను సామెత మాత్రము సభలలో ఇంకను వినబడుచున్నది. కంచెయే చేలలో కానరాదు.

ఈ సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించి వర్షము లేదు. నైరృతి గాలి యెంతటిదనగా, రామగిరి కొండలపై విద్యుత్తుకై గాలిమరలనే నిలిపినారు. ఆ గాలి ఎర్రనేలల పైమన్ను నెత్తుకొని పోవుచుండగా అడ్డుకొనునది గట్టుమీది కానుగ, రేగు, కలివి, వావిలి, తంగేడు పొదలే. వానపడిన గడియలో మన్ను వంకపాలు గాక నిలుపునవియు ఆ పొదల వేళ్లే. పురుగులనేరి తిను పసులపోలిగాడు వ్రాలుటకును, గోరువంక తలదాచుకొనుటకును వేరు తావు ఏది? హిందూపురము చుట్టునున్న మల్బరి రైతునకు మరియొక ప్రయోజనము గలదు. ప్రక్కచేనిలో కొట్టిన పురుగుమందు గాలికి వచ్చి ఆకుపై పడెనా, ఆ ఆకు మేసిన పట్టుపురుగు బ్రతుకదు. దట్టమైన వెలుగు ఆ మందుతుంపరను కొంతవరకైన వడగట్టును.

వెలుగు తీసివేసిన గట్టు వట్టిగానుండునని తలచుట పొరపాటు. అది యెట్టి పొరపాటో 2000వ సంవత్సరము చూపినది. ఆ యేటి ఖరీఫులో అనంతపురము జిల్లా వేరుసెనగ లేతమొక్కలు తలలు వాల్చి చచ్చినవి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతినినవి. నష్టము 300 కోట్ల రూపాయలకు పైబడినదని అంచనా. కారణమును పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మొదలగువారు శోధించిరి. పొగాకు పంటపేరుతో పిలువబడు ఒక వైరస్ దీనికి మూలము. అది యుండునది గట్లమీదను, బీళ్లలోను, బాటల ప్రక్కను మొలచు వయ్యారిభామలో. ఆ కలుపుమొక్క తాను రోగలక్షణ మేదియు చూపక, తన పుప్పొడిలో విషమును మోయును. తామరపురుగులు ఆ పుప్పొడితో వేరుసెనగపై వ్రాలి ఆకును గీకగా తెగులు లోనికి దిగును. విశేషమేమనగా, ఈ తెగులు వేరుసెనగ మొక్కనుండి వేరుసెనగ మొక్కకు వ్యాపించుట అరుదు. గట్టునుండియే చేనిలోనికి వచ్చును. చేనిని ఎంత శుభ్రముగా నుంచినను గట్టును విడిచినవాడు నష్టపోయెను.

అందుకు చెప్పిన చికిత్సయు గట్టుననే యున్నది. పుష్పింపక మునుపే వయ్యారిభామను పెరికివేయుట ఒకటి. చేనిచుట్టు నాలుగు సాళ్ల జొన్న గాని సజ్జ గాని విత్తి, వచ్చు పురుగును నిలువరించుట రెండవది. జొన్న కొన్ని నెలలపాటు చేయు కావలి పనిని వెలుగు ఏడాది పొడుగునా చేయగలదని మా నమ్మకము. వయ్యారిభామతో పోటీపడి దానిని అణచు మొక్కలలో మన తంగేడు, వెంపలి కూడ చేరియున్నవని కలుపు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. బతుకునకు పనికిరానివని మనము కొట్టివేయుచున్నవి ఇవియే!

రైతు చెప్పు అభ్యంతరములను త్రోసివేయరాదు. పొదలో అడవిపంది దాగును. నీడపడిన సాళ్లు గిడసబారును. ఎర్రగొంగళిపురుగు గట్టుమట్టిలో నిద్రించి తొలకరికి లేచును. ఇవన్నియు నిజమే. కాని యివి పాలన లేని వెలుగు దోషములు. గట్టును నడుమెత్తున కత్తిరించి, లోపలివైపున సన్నని కందకము త్రవ్వినచో వేళ్లు చేనిలోనికి ప్రాకవు, నీరును నిలుచును. గట్టంతయు ఒక్కయేట నరుకక మూడింట నొకపాలు చొప్పున నరికినచో పక్షులకు తావు తప్పదు. నడుమ నడుమ గ్లిరిసిడియా నాటి ఏటికి రెండుమూడు మారులు కొమ్మలు కోసినచో ఆ రొట్ట చేనికి ఎరువగును.

ఎండుకంప చాలదా యని యడుగువారికి ఒక చరిత్ర చెప్పవలసియున్నది. ఆంగ్లేయ ప్రభుత్వము ఉప్పుపన్ను వసూలుకై ఉత్తర భారతమున వందల మైళ్ల వెలుగు పెంచినది. ఎండుకంప చెదలకు, నిప్పునకు, గాలికి పోవుచుండుటచే, 1867 నుండి 1870 వరకు ఆ శాఖ కమిషనరుగానున్న హ్యూము, జీవముగల వెలుగును పట్టుదలతో నాటించెను. తరువాత 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొనినవాడును ఆయనయే. బీదవాని ఉప్పునకు అడ్డముగా అక్కడ నాటినవి రేగు, తుమ్మ, కలివి, జెముడు. మన రైతు తన కూటిని కాచుకొనుటకు నాటునవియు అవియే. ఆ సరిహద్దు 1879లో రద్దయినది. అన్యాయమును కాచుటకు పనివారిని, ధనమును సమకూర్చిన దొరతనము రైతు వెలుగునకు దమ్మిడీ యియ్యలేదు.

ఏ మొక్క నైనను నాటుడని మేము చెప్పుట లేదు. 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిన సర్కారుతుమ్మ, వంటచెరకు నిచ్చినమాట నిజమే గాని, నేడు చెరువుగర్భములను, వంకలను ఆక్రమించినది. నాగజెముడు దక్షిణదేశమున పొలములను మ్రింగుచుండగా, 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక కీటకముచే గాని అది లొంగలేదు. కావున కానుగ, వావిలి వంటి, మేకలు అంతగా ముట్టని స్థానిక జాతులకే ప్రాధాన్యము నియ్యవలెను. అటవీశాఖవారి నర్సరీలు తొలకరికి ముందే వీనిని రైతుకు అందించవలెను.

మరియొక చిక్కు గలదు. ఇరువురి హద్దుగట్టుపై మొలచినది ఎవరిది? ఈ తగవు తెగకయే అనేక వెలుగులు గొడ్డలిపాలైనవి. 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల రీసర్వేలో హద్దురాళ్లు పాతించిరి. రాళ్లప్రక్క వెలుగు ఇరువురి ఉమ్మడిసొత్తని, నరకవలసినచో ఇరువురును సమ్మతించవలెనని గ్రామసభలు తీర్మానించి, ఆ తీర్మానమును పంచాయతీ పుస్తకమున వ్రాయించవలెనని మేము కోరుచున్నాము.