ఫ్రోజెన్ ఫుడ్: ప్యాకెట్‌లో ఐస్ గడ్డ కట్టిందా? ఫ్రీజర్‌లో పెట్టేముందు ఇవి చూడండి

తిరుపతిలో ఇల్లు ఉందంటే శ్రీవారి దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. రాత్రి పదకొండింటికి రైలు దిగి వచ్చేవారికి అప్పటికప్పుడు వండిపెట్టాలంటే కష్టమే. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఫ్రోజెన్ పరోటా, బఠాణీ, నగ్గెట్స్ ప్యాకెట్లే దిక్కు. అయితే ఫ్రోజెన్ అనగానే ఆరోగ్యానికి చేటు అనుకోనక్కర్లేదు. లోపల ఏముందన్నదే అసలు విషయం.

బఠాణీ, స్వీట్ కార్న్, బీన్స్ లాంటివాటిని కాసేపు వేడినీళ్లలో ఉంచి, చల్లార్చి, గడ్డకట్టిస్తారు. మైనస్ 18 డిగ్రీల చలిలో సూక్ష్మజీవులు పెరగలేవు. అందుకే వీటికి ప్రిజర్వేటివ్స్ అవసరం పెద్దగా ఉండదు. సి విటమిన్ కొంత తగ్గుతుంది కానీ పీచు, ప్రొటీన్ దాదాపు అలాగే ఉంటాయి.

పరోటా, నగ్గెట్స్, ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతి వేరు. ప్యాకెట్ వెనుక పదార్థాల పేర్లను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదట్లోనే మైదా, పామాయిల్ కనిపిస్తే.. ముందువైపు 'మల్టీగ్రెయిన్' అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా పట్టించుకోవద్దు. తర్వాత చూడాల్సింది సోడియం. పెద్దవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 100 గ్రాములకు 600 మిల్లీగ్రాములు అని ఉన్న ప్యాకెట్‌లోంచి 200 గ్రాములు తింటే, ఒక్క పూటలోనే సగానికి పైగా అయిపోయినట్టే. బీపీ ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో, పిల్లల టిఫిన్ బాక్సుల్లో రోజూ ఇవే పెట్టడం మంచిది కాదు.

బఠాణీ ప్యాకెట్ పట్టుకుంటే గింజలు విడివిడిగా కదలాలి. ఒకే గడ్డలా ఉందంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని అక్కడే వదిలేయండి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. షాపింగ్‌లో వీటిని ఆఖరున తీసుకుని, నేరుగా ఇంటికి వెళ్లాలి. కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయొద్దు. నిండుగా ఉన్న పెద్ద ఫ్రీజర్ 48 గంటల దాకా, సగం నిండింది 24 గంటల దాకా చల్లదనం నిలుపుతుంది. ఫ్రిజ్‌లో పైనుండే చిన్న ఫ్రీజర్‌కు అంత సమయం ఉండదు.

అసలు చిత్తూరు వాళ్లకు ఫ్రీజింగ్ కొత్తేమీ కాదు. చలికాలంలో అనపకాయలు దండిగా వచ్చినప్పుడు గింజలు నానబెట్టి, పితికి, ఆ పితికిపప్పును ఫ్రీజర్‌లో దాచుకునే ఇళ్లు ఎన్నో. ఉప్పు కలపరు, నూనె తగలదు. కొన్న ప్యాకెట్ కంటే ఇదే మేలు. మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, చల్లటి నీళ్లలో వేసి, తడి ఆరాక ఒక్కో పూటకు సరిపడా చిన్న కవర్లలో వేసి తేదీ రాసిపెట్టుకుంటే రంగు, రుచి ఎక్కువ రోజులు నిలుస్తాయి.

ఇక చికెన్, చేపల ప్యాకెట్లను వంటగట్టు మీద పెట్టి కరిగించొద్దు. ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో గిన్నెలో పెట్టాలి. బయట కరిగిపోయిన వాటిని మళ్లీ ఫ్రీజర్‌లోకి తోయకూడదు.