అనంతగిరి అడవి బాటలు: మూసీ పుట్టే చోట కుటుంబంతో ఒక నడక

ఆదివారం వచ్చిందంటే పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలి? హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇదే ప్రశ్న. జూ పార్క్ చూసేశారు, ట్యాంక్‌బండ్ తిరిగేశారు, మాల్‌కు వెళితే జేబు ఖాళీ. రెండు గంటల దూరంలో అడవి ఉంది, నడవడానికి బాటలున్నాయి. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టలు అవే. మన పాతబస్తీని ఆనుకుని పారే మూసీ పుట్టింది కూడా అక్కడే. అందుకే ఈ అడవి మనకు పిక్నిక్ స్పాట్ మాత్రమే కాదు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి దాదాపు 75-80 కి.మీ. సొంత బండి ఉంటే మెహిదీపట్నం, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వెళ్లొచ్చు. చేవెళ్ల రోడ్డుకు రెండు వైపులా ఉన్న పాత మర్రిచెట్లను పిల్లలకు తప్పకుండా చూపించండి. బండి లేనివాళ్లకు రైలు ఉంది. సికింద్రాబాద్-వాడి లైను నిజాం కాలంలో, 1874లోనే మొదలైంది. వికారాబాద్ స్టేషన్‌లో దిగితే గుట్ట ఐదారు కి.మీ. మాత్రమే. ఆటోలో వెళ్లిపోవచ్చు.

ఇంట్లో నానీనో, దాదీనో అడిగి చూడండి. అనంతగిరి అనగానే "టీబీ దవాఖానా" అంటారు. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో శుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి తిండి - ఇవే వైద్యం. అందుకే నిజాం కాలంలో ఈ గుట్ట మీద క్షయ ఆసుపత్రి కట్టారు.

బాట ఎలా ఉంటుంది?

గుట్ట పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది. రోడ్డు అక్కడిదాకా వెళుతుంది కాబట్టి ముందు ఎక్కి తర్వాత దిగే మామూలు ట్రెక్కింగ్ కాదిది. ఇక్కడ ముందు లోయలోకి దిగాలి, తర్వాత ఎక్కాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. దిగేటప్పుడు పిల్లలు పరుగెత్తుతారు, పెద్దవాళ్లకూ అలసట తెలియదు. తిరిగి ఎక్కేటప్పటికి ఎండ ముదిరి, నీళ్లు అయిపోయి ఉంటాయి.

ఒక లెక్క పెట్టుకోండి: తెచ్చుకున్న నీళ్లలో మూడో వంతు అయిపోగానే వెనక్కి తిరగాలి. దిగడానికి పట్టిన సమయం కంటే ఎక్కడానికి ఎక్కువ పడుతుంది.

వానాకాలంలో అడవి పచ్చగా కమ్ముకుంటుంది గానీ ఎర్రమట్టి బాట జారుతుంది. వానలు తగ్గాక సీతాఫలాలు కాస్తాయి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి చెట్లు ఆకు రాల్చేస్తాయి, మోదుగు మాత్రం ఎర్రగా పూస్తుంది. నడకకు అనువైన రోజులు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. గుట్ట మీద అనంత పద్మనాభస్వామి ఆలయం ఉంది. కార్తీక మాసంలో జాతర జరుగుతుంది కాబట్టి ఆ రోజుల్లో రద్దీ ఎక్కువ.

ఈ అడవి నీళ్లను ఎలా దాస్తుంది?

బాట పక్కన ఎర్రటి రాయిని పిల్లల చేతికిచ్చి చూడమనండి. తేనెతుట్టెలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. దాన్ని లేటరైట్ అంటారు. కింద ఉన్నది గట్టి నల్లరాయి. వాన పడితే ముందు చెట్ల ఆకులు దాని వేగం ఆపుతాయి. కింద రాలిన ఆకుల పొర దాన్ని స్పాంజిలా పీల్చుకుంటుంది. వేళ్లు చేసిన దారుల్లోంచి నీరు ఎర్రరాతిలోకి ఇంకుతుంది. గట్టి రాయి తగిలాక ఇక కిందికి పోలేక, పక్కకు జరిగి గుట్ట అంచున ఊటగా బయటికొస్తుంది. ఇలాంటి ఊటలూ వాగులూ కలిసిందే మూసీ.

అక్కడ మూసీ అంటే పెద్ద నది అనుకోకండి. చిన్న వాగు. వేసవిలో వెళితే ధార కనిపించకపోవచ్చు కూడా. ఆ వాగే తూర్పుకు పారి గండిపేట చెరువులో చేరుతుంది. అక్కడి నుంచి బాపూఘాట్ దగ్గర ఈసీని కలుపుకుని, పురానాపూల్ కిందుగా నగరం దాటి, చివరకు నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న ఈ మూసీయే పొంగి వేలమందిని బలి తీసుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల కథ పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేటే. వరదను ఆపడానికి కట్టిన ఈ చెరువులే తర్వాత తరతరాలకు తాగునీళ్లు ఇచ్చాయి. గుట్ట మీద చెట్లు పోతే నీరు ఇంకదు. వానకు ఒక్కసారిగా వరద వస్తుంది, వాన ఆగితే వాగు ఎండిపోతుంది.

బయల్దేరే ముందు

ఉదయం ఏడింటికల్లా అక్కడుంటే జొహర్ లోపే నడక ముగించి పైకి వచ్చేయొచ్చు.

చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. బుర్ఖా వేసుకునే అక్కచెల్లెళ్లు అంచు నేలకు తగలకుండా కాస్త పొట్టిగా ఉన్నది చూసుకుంటే ముళ్లకు చిక్కుకోదు, ఎక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడదు.

అత్తరు, సెంటు ఆ రోజుకు వద్దు. ఘాటైన వాసనకు తేనెటీగలు రేగే ప్రమాదం ఉంది.

లోయలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఏ వైపు వెళుతున్నారో పైన ఉన్నవాళ్లకు చెప్పి దిగండి. అటవీశాఖ మూసేసిన దారిలోకి వెళ్లకండి.

పాము కాటేస్తే గాయాన్ని కోయడం, గట్టిగా తాడు కట్టడం, నాటు మందు కోసం తిరగడం చేయొద్దు. మనిషిని కదలనీయకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి.

ఇవి మాత్రం చేయకండి

మన దగ్గర సైర్ అంటే దేగ్చీ, కట్టెల పొయ్యి, వేడి వేడి బిర్యానీ. ఆ సరదా అడవిలో వద్దు. ఎండాకాలం ముందు నుంచే నేలంతా ఎండుటాకులు. ఆరిపోయిందనుకున్న పొయ్యిలోని ఒక్క నిప్పురవ్వ చాలు. రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం కూడా. వండుకునే వెళ్లండి, డబ్బాల్లో సర్దుకోండి.

కోతులకు తిండి పెట్టొద్దు. జాలితో పెడుతున్నామనే అనుకుంటాం. కానీ అలవాటుపడ్డ కోతి రేపు ఇంకో ఇంటి పసిపిల్ల చేతిలోంచి లాక్కుంటుంది, అడ్డుపడితే కరుస్తుంది. అడవిలో దానికి తిండి ఉంది.

ప్లాస్టిక్ గ్లాసు, చిప్స్ ప్యాకెట్, పసివాళ్ల డైపర్ - తీసుకెళ్లినవన్నీ తిరిగి తెచ్చేయండి. ఒక ఖాళీ సంచి పిల్లల చేతికే ఇవ్వండి, ఆ పని వాళ్లకు అప్పజెప్పండి.

తిరుగు ప్రయాణంలో శంకర్‌పల్లి మీదుగా వస్తే గండిపేట దగ్గరే. అక్కడ కాసేపు ఆగి, పొద్దున చూసిన వాగు వచ్చి చేరేది ఈ నీళ్లలోనే అని పిల్లలకు చూపించండి. సంచిలో చెత్త ఎందుకు మోసుకొచ్చారో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.