ఈథర్ చల్లనిదే స్టార్టు కాని డీజిల్ ఇంజను: లోపం ఎక్కడున్నదో తెలుసుకునే విధం

అనంతపురం ప్రాంతంలో సాలుకు కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిన ఏడు చాలామంది సభ్యులకు పాల డబ్బే ఆధారం. సేకరించిన పాలను త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచాలి. కరెంటు పోయిన వేళ జనరేటరు మొరాయిస్తే పాలు విరుగుతాయి. ఆ నష్టం సభ్యులందరిదీ.

పాత ఇంజను స్టార్టు కాకపోతే గాలి పోయే గొట్టంలో ఈథర్ చల్లడం కొన్నిచోట్ల అలవాటు. ఇంజను అందుకోగానే సంగతి మరచిపోతారు. ఈథర్ వేళకు ముందే మండి పిస్టన్‌ను సమ్మెటతో కొట్టినట్లు కొడుతుంది. రింగులు విరుగుతాయి.

1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో నడిపి చూపిన సూత్రమే నేటికీ ఆధారం. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడికి తుంపరగా పడిన డీజిల్ తనంతట అంటుకుంటుంది. కనుక ముందు తేల్చవలసినవి రెండు: డీజిల్ చేరుతున్నదా? వేడి చాలుతున్నదా?

ఇంజను తిప్పుతూ సైలెన్సరు చూడండి. పొగ ఏమాత్రం రాకపోతే డీజిల్ చేరడం లేదు. తెల్లపొగ వస్తే చేరుతున్నది గాని మండడం లేదు.

డీజిల్ చేరకపోతే: ట్యాంకు, కుళాయి, స్టాపు లివరు, ఫిల్టరు వరుసగా చూడాలి. తరువాత ఎయిర్ స్క్రూ వదులుచేసి, బుడగలు పోయేవరకు డీజిల్ వదలాలి. రోజూ ఉదయం ఎయిర్ తీయవలసి వస్తుంటే ఏదో జాయింటులో గాలి చొరబడుతున్నట్లే. అక్కడి వాషర్లు మార్చాలి. నాజిల్ తుంపరకు చేయి అడ్డు పెట్టరాదు. అది చర్మంలోనికి దూసుకుపోతుంది.

తెల్లపొగ వస్తే: ముందు బ్యాటరీ చూడండి. ఇంజను మెల్లగా తిరిగితే చాలినంత వేడి పుట్టదు. బ్యాటరీ బాగుండి, వేడిమీద వెంటనే స్టార్టయ్యే ఇంజను చల్లారితే మొరాయిస్తుంటే కంప్రెషన్ తగ్గినదని అనుమానించాలి. మెకానిక్ చేత గాలిమార్గంలో ఒక చెంచా ఇంజను ఆయిలు మాత్రమే పోయించి, చేతితో తిప్పించండి. బిగువు పెరిగితే రింగులు, లైనరు అరిగినవి. పెరగకపోతే లోపం వాల్వులలోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంటుంది. కంప్రెషన్ సరిగా ఉంటే నాజిల్, టైమింగ్ పరీక్ష చేయించాలి.

కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గాలికాలపు దుమ్ము లైనరుకు శత్రువు. ఆయిలు పోసే ఎయిర్ క్లీనరు అయితే ఆయిలు మురికి కాగానే మార్చాలి. ఆ కాలంలో వారానికి రెండుసార్లయినా మూత తీసి చూడడం మంచిది.

కార్యదర్శులకు ఒక మనవి. వారానికొకసారి, కరెంటు ఉన్నప్పుడే, తెల్లవారుజామున ఈథర్ లేకుండా జనరేటరు స్టార్టు చేయించండి. ఎన్ని ప్రయత్నాలకు అందుకున్నదో రిజిస్టరులో రాయించండి. ఒకటి రెండై, రెండు నాలుగైతే మరమ్మతుకు వేళయినదని తెలుసుకోండి. పాలు విరిగేదాకా ఆగవద్దు.