సడి లేని శక్తి

అలంకారశాస్త్రంలో ధ్వనికి ఉన్నత స్థానమున్నది. ఆనందవర్ధనుడు దానిని కావ్యాత్మగా ప్రతిపాదించాడు. యంత్రం చేసే ధ్వని మాత్రం ఏకాగ్రతకు భంగం కలిగిస్తుంది. అయినా శ్రద్ధగా వింటే దానిలోనూ ఒక సూచన ఉన్నది. లోపల వేడి పెరుగుతున్నదని ఆ యంత్రం మనకు తెలుపుతున్నది.

ఒకే గదిలో తండ్రి నిద్రించడం, తమ్ముడు చదువుకోవడం, అక్క కంప్యూటర్ ముందు పనిచేయడం మన ఇళ్లలో సాధారణం. అటువంటి చోట యంత్రపు రొద చిన్న విషయం కాదు.

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో రొదకు ఒక ముఖ్య కారణం పవర్ సప్లై. బజారులో దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చడం దీని పని. ఈ మార్పిడిలో కొంత శక్తి వేడిగా వ్యర్థమవుతుంది. ఆ వేడిని వెలికి నెట్టడానికే ఫ్యాను తిరుగుతుంది. కాబట్టి నిశ్శబ్దం కోరేవారు మొదట చూడవలసినది దక్షత.

కంప్యూటర్‌కు 200 వాట్లు కావాలనుకొందాం. దక్షత 80 శాతమైతే పవర్ సప్లై 250 వాట్లు తీసుకొని 50 వాట్లను వేడిగా వదులుతుంది. దక్షత 90 శాతమైతే తీసుకొనేది సుమారు 222 వాట్లు. వేడి 22 వాట్లు మాత్రమే. వేడి సగానికి పైగా తగ్గితే ఫ్యాను నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. 2004లో అమెరికాలో ప్రారంభమైన '80 ప్లస్' గుర్తింపు దక్షతను తెలుపుతుంది. బ్రాంజ్ కంటె గోల్డ్ మేలైనది. అయితే ఆ పరీక్ష సుమారు 23 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద జరుగుతుంది. మచిలీపట్నంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కనుక పూర్తి వాట్లను 40 డిగ్రీల వద్ద ఇస్తుందో, 50 డిగ్రీల వద్ద ఇస్తుందో పెట్టెమీద చూసి కొనాలి.

ఫ్యాను పరిమాణం రెండవ అంశం. 80 మిల్లీమీటర్ల ఫ్యాను వేగంగా తిరిగి నెట్టే గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను నింపాదిగా నెడుతుంది. ఒక ఫ్యాను వేగం సగానికి తగ్గితే దాని శబ్దం సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. తక్కువ భారం ఉన్నప్పుడు ఫ్యాను పూర్తిగా ఆగిపోయే రకాలు కూడా ఉన్నాయి. అవి చల్లని దేశాలకు అనువైనవి. లోపలి కెపాసిటర్ల ఆయువు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగమవుతుంది. అందువల్ల మన వేసవిలో, మెల్లగానైనా నిరంతరం తిరిగే ఫ్యానే క్షేమం.

ప్రాంతాన్ని బట్టి జాగ్రత్తలు మారుతాయి. దివిసీమలో నాగాయలంక, కోడూరు వంటి సముద్రతీర ప్రాంతాల గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. అవి లోహపు పిన్నులను, ఫ్యాను బేరింగులను తినివేస్తాయి. వరిపొలాల నడుమనున్న గుడివాడ ప్రాంతంలో నూర్పిళ్ల కాలపు ధూళి గాలిదారులను మూసివేస్తుంది. దారి మూసుకొంటే వేడి నిలుస్తుంది. ఎంత మంచి ఫ్యాను అయినా అరవక తప్పదు. కంప్యూటర్‌ను కిటికీకి దూరంగా, నేలకు ఎత్తుగా ఉంచాలి. నెలకొకసారి మెత్తని కుంచెతో బయటి జాలీని శుభ్రం చేయాలి.

పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాపాయకరం. ఫ్యాను గరగర శబ్దం మొదలుపెడితే నిపుణునికి చూపాలి. ఎర్తింగ్ లేని ప్లగ్గుకు కంప్యూటర్‌ను తగిలించరాదు. ధర తక్కువని నాసిరకం పవర్ సప్లై కొంటే, అది చెడిపోయే వేళ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా పాడుచేయవచ్చు. అప్పుడు పోయేది ఏడాది పాటు కూర్చుకొన్న చదువు.